వీణకు విలువ కట్టుట ఎట్లు?

సంగీతాభిమానము గల మన కుటుంబములలో వీణకు గౌరవము లోపింపలేదు. అయినను వీణ గుణమును నిర్ణయించు వివేకము మాత్రము సన్నగిల్లుచున్నది. కొనబోవువారు మొదట అడుగు ప్రశ్న ‘ఇది ఏకాండియా, అతుకులదా?’ అనునది. ప్రశ్న మంచిదే, కాని దానితోనే పరీక్ష ముగియుట తగదు.

ఏకాండి వీణలకు బొబ్బిలి ప్రసిద్ధి కెక్కినది. అచట గొల్లపల్లిలో శిల్పులు కుండను, దండిని ఒకే పనస దుంగనుండి తొలుతురు. నాదము అతుకును దాటవలసిన పని లేదు. అతుకు విడునను భయమును లేదు. ఇవి గొప్ప సుగుణములే. అయితే కుండకు చాలినంత లావు గల దుంగ దొరకవలెను. దండివైపు కొయ్యలో అధిక భాగము పేళ్లుగా రాలిపోవును. ఎచట బీట వారినను ముప్పు వీణ కంతటికిని వచ్చును. తంజావూరులో ఏకాండి వీణలతోబాటు అతుకు వీణలును చేయుదురు. వానిలో చెడిన భాగమును విడదీసి బాగుచేయుట సులభము. కావున కొయ్య చక్కగా ఆరినదా, తంత్రుల బిగువునకు దండి వంగక నిలిచినదా అని చూచిన పిదపనే తారతమ్యము చెప్పవలెను.

అంతకన్న ముఖ్యమైనది మేళము. మైనమును మసితో కలిపి కాచి, దండిమీద రెండు గట్లుగా తీర్చి, వానిపై 24 లోహపు మెట్లను నిలుపుదురు. మెట్టు వెంట్రుకవాసి జరిగినను స్వరము తప్పును. ఎత్తు హెచ్చినచో తంత్రిని నొక్కగనే శ్రుతి పెరుగును. తగ్గినచో తంత్రి తరువాతి మెట్టునకు తగిలి జీరవోవును. గమకమునకై తంత్రిని ప్రక్కకు లాగునపుడు మెట్టు చలింపరాదు. ఒక్కొక్క దానిని మీటి, విని, సరిచేసి స్థిరపరచుటయే ఈ విద్య. ఇందు కొలబద్ద కొంత దూరమే తోడు వచ్చును. మిగిలినది చెవి పని.

ఈ విద్యకు మన చరిత్రతో సంబంధము కలదు. ఒక రాగమునకే మెట్లమర్చు ఏకరాగమేళ వీణను, అన్ని రాగములకును పనికివచ్చు సర్వరాగమేళ వీణను 17వ శతాబ్దమున వేంకటమఖి ‘చతుర్దండీప్రకాశిక’లో వేరువేరుగా వివరించెను. 24 మెట్లను స్థిరముగా నిలుపు పద్ధతిని సంప్రదాయము తంజావూరు రఘునాథనాయకునికి చెందించుచున్నది. తమిళదేశమున నుండి తెలుగు కావ్యములు రచించిన రాజాతడు.

మైనము వేడికి మెత్తబడును, ఏండ్లు గడచిన కొలది ఎండి పగులును. అపుడు మేళము మరల కట్టింపవలెను. ఇది వీణ స్వభావమే గాని దోషము కాదు. ఈ మాట తెలియక, అమ్మమ్మల నాటి వీణ అపస్వరము పలికెనని గోడకు తగిలించి, దానికి ఆయువు తీరినదని తలచుచున్నారు. కొయ్యకు ఏమియు కాలేదు. తీరినది మైనమునకు మాత్రమే.

ఇక సభలలో జ్ఞాపికలుగా ఇచ్చు చిన్న బొబ్బిలి వీణల సంగతి. వాని చెక్కడము ముచ్చటైనది. అవి శిల్పులకు అన్నము పెట్టుచున్నవి. వానిని నిందించుట అన్యాయము. అయితే పలుకనక్కరలేని వీణకు మేళము కట్టువాని చెవితో నిమిత్తము లేదు. అట్టివే అడుగుచు పోయినచో ఉలి పట్టు చేయి నిలుచును గాని, స్వరము నెరుగు చెవికి పని తప్పును. పని లేని విద్యను ఏ తండ్రియు కొడుకునకు నేర్పడు.

అందుచే మన సంఘములు జ్ఞాపికల కగు వ్యయములో కొంత మిగిల్చి, రెండు మూడేండ్ల కొకమారు బొబ్బిలినుండియో తంజావూరినుండియో మేళము కట్టువారిని పిలిపించి, ఇండ్లలోని పాత వీణలన్నిటిని ఒకచోట చేర్చి బాగుచేయించుట మేలు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టి ఆ పనిని చూపవలెను. యాళి ముఖపు నగిషీని ఎంత మెచ్చుకొన్నను, వీణకు విలువ కట్టునది మీటిన పిదపనే.