సైకిలు గేర్ల కలయిక: రెండు వాదముల పరిశీలన

గేర్ల సంఖ్య వేరైన సైకిలు భాగములను కలుపుటను గూర్చి రెండు వాదములు వినవచ్చుచున్నవి. గొలుసు లంకె పొడవు అన్నింటను 12.7 మి.మీ.లే కనుక ఏ భాగమైనను పొసగునని మొదటిది; సంఖ్య మారినచో సర్వమును మార్చవలెనని రెండవది. రెండును పరీక్షకు నిలువవు.

ఘర్షణ మీటల కాలమున తొక్కువాడే గొలుసును సరిచేసుకొనెడివాడు. మొదటి వాదము అప్పుడు చాలవరకు చెల్లినది. 1984లో షిమానో సంస్థ మెట్లుగా కదలు మీటను తెచ్చినది. సాధారణముగా దాని ఎనిమిది గేర్ల మీట మెట్టుకు 2.8 మి.మీ. తీగను లాగును; వెనుకనున్న డిరైలర్ దానిని 1.7 రెట్లు చేసి, గొలుసును సుమారు 4.8 మి.మీ. పక్కకు జరుపును. ఎనిమిది పళ్లచక్రముల నడుమ ఎడము అంతే. తొమ్మిది చక్రములలో అది 4.35 మి.మీ. మాత్రమే. కనుక ఆ మీటతో నాలుగు మెట్లకు 1.8 మి.మీ. తేడా వచ్చును. నారాయణగూడ కూడలిలో, వాహనముల నడుమ, బలముగా తొక్కు విద్యార్థికి గొలుసు జారుట ప్రమాదము.

అయితే ఆ సంస్థ తొమ్మిది గేర్ల డిరైలర్ గుణకమును 1.7యే. ఎనిమిది గేర్ల మీటతో, చక్రములతో అది చక్కగా పనిచేయును. అట్టిచోట సర్వమును కొనిపించుట వృథా వ్యయము.

పళ్ల నిష్పత్తి వేగమును తెలుపును గాని, పొందికను తెలుపదు. ఉపాధ్యాయులు ఈ రెండవ కొలతను కూడ విద్యార్థులచే కొలిపింపవలెను.