ఉపశీర్షికల ఫైలు: మాటలు, ఖాళీలు

ఆన్‌లైన్ వీడియో కింద కనిపించే ఉపశీర్షికలు సాధారణంగా వీడియోలో భాగం కావు. అవి వేరొక సాదా పాఠ్య ఫైలులో ఉంటాయి. సబ్‌రిప్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన ఎస్.ఆర్.టి. వీటిలో బాగా ప్రచారంలో ఉన్నది. దాని నిర్మాణం గమనించండి:

12
00:01:14,500 --> 00:01:17,000
ఎక్కడికి పోతున్నవ్?

వరుస సంఖ్య, మాట కనిపించి మాయమయ్యే సమయాలు, మాట, ఆ తర్వాత ఒక ఖాళీ పంక్తి. ఇంతే. వెబ్‌విటిటి అనే మరో రూపంలో మిల్లీసెకన్ల ముందు కామాకు బదులు చుక్క ఉంటుంది. ఫైలు ఆ రూపం పేరుతోనే మొదలు కావాలి. ఏ రూపమైనా యు.టి.ఎఫ్-8లో భద్రపరచండి. లేకపోతే తెలుగు అక్షరాలు చెదిరిపోవచ్చు.

నోట్‌ప్యాడ్ చాలు కనుక ఎవరైనా ఉపశీర్షికలు రాయవచ్చు. ఎస్.ఆర్.టి. గొప్పతనం ఇదే. పరిమితి కూడా ఇక్కడే ఉంది. సికిందరాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఒక దుకాణం ముందు వీడియో తీశారనుకుందాం. కంటోన్మెంటు, రైల్వే స్టేషన్ల నడుమ పెరిగిన ఆ పేటలో బేరం తెలుగులో మొదలై దక్కనీలోకి మారవచ్చు. అంతా ఒకే తెలుగులో రాస్తే అర్థం అందుతుంది. భాష మారిన సంగతి అందదు. వక్తనూ భాషనూ సూచించే గుర్తులు వెబ్‌విటిటిలో ఉన్నాయి. ఎస్.ఆర్.టి.లో వాటికి ప్రత్యేక స్థానం లేదు. మాటల మధ్యనే రాయాలి.

అయితే రూపం ఒక్కటే సరిపోదు. సికిందరాబాద్‌లో పుట్టిన శ్యామ్ బెనెగళ్ తీసిన 'అంకుర్' (1974) చూడండి. అందులో కిష్టయ్య చెవిటి, మూగ. సూర్య అతన్ని కొట్టినప్పుడు అతని తరఫున నిలదీసేది భార్య లక్ష్మి. మాటలు మాత్రమే ఎక్కించిన ఫైలులో కిష్టయ్యకు ఒక్క పంక్తీ దక్కదు. చివర బాలుడు విసిరిన రాయికీ దక్కదు. వినికిడి లేని ప్రేక్షకుడికి తెర కింద ఖాళీ కనిపిస్తుంది. అది నిశ్శబ్దమా, రాసినవారు వదిలేసిన శబ్దమా? అతను తేల్చుకోలేడు. [అద్దం పగిలిన శబ్దం] అన్న ఒక్క పంక్తి ఆ సందేహాన్ని తీరుస్తుంది. దీన్ని ఎస్.ఆర్.టి.లోనూ రాయవచ్చు.

కాబట్టి ఉపశీర్షికలను విమర్శించేటప్పుడు అనువాదం సరిగా ఉందా అని అడిగి ఆగకండి. ఎవరి మాట, ఏ శబ్దం ఫైలులోకి రాలేదో కూడా అడగండి.

అభ్యాసం: మీ వీధిలో ఒక నిమిషం వీడియో తీసి, దానికి ఎస్.ఆర్.టి. ఫైలు రాయండి. మీరు వదిలేసినవాటిని, కారణాలతో, ఐదు వాక్యాల్లో వివరించండి.