ఎక్కడ పొదుపు చేశారు, ఎక్కడ చేయలేదు

కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ 1946లో విశాఖపట్నంలో మొదలై, తర్వాత కాకినాడకు తరలివచ్చింది. అదే ఏడాది అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో టెక్‌ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ పుట్టింది. 1947లో వాళ్లు అమ్మడం మొదలుపెట్టిన 511 మోడల్ ఆసిలోస్కోప్ 10 మెగాహెర్ట్జ్ వరకు చూపేది, ధర 795 డాలర్లు. 2014లో చైనా కంపెనీ రిగోల్ తెచ్చిన డీఎస్1054జడ్ 399 డాలర్లకే 50 మెగాహెర్ట్జ్‌తో నాలుగు ఛానళ్లు ఇచ్చింది. అప్పటి డాలరు విలువ లెక్కేస్తే ఈ తేడా ఇంకా పెద్దది.

రాజమండ్రిలోనో భీమవరంలోనో డిప్లొమా, బీటెక్ ల్యాబ్‌కి కొత్త స్కోప్ కొనాలనుకునే మాస్టార్లు ఈ రిగోల్ పెట్టెను కాస్త తీరిగ్గా చూడాలని నా కోరిక. ధర తగ్గించాలంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. ఆ కోత ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు చేసిన వస్తువు ఇది.

మొదటి పొదుపు ముఖం మీదే కనిపిస్తుంది. నాలుగు ఛానళ్లకూ కలిపి నిలువు నాబ్‌ల జత ఒక్కటే. ఏ ఛానల్ బటన్ నొక్కితే నాబ్‌లు ఆ ఛానల్‌వి అవుతాయి. పాత సీఆర్‌ఓ మీద రెండు చేతులతో రెండు ఛానళ్లూ సర్దడం అలవాటైనవారికి మొదట్లో ఇది ఇబ్బందే. రెండోది లోపల ఉంది. నాలుగు ఛానళ్లూ ఒకే 8 బిట్ల కన్వర్టర్ చిప్‌ను పంచుకుంటాయి. ఒక్క ఛానల్ వాడితే సెకనుకు 100 కోట్ల శాంపిళ్లు, రెండు వాడితే 50 కోట్లు, మూడైనా నాలుగైనా 25 కోట్లు. 50 మెగాహెర్ట్జ్ తరంగానికి అప్పుడు కూడా సైకిల్‌కు ఐదు శాంపిళ్లు దక్కుతాయి. ఈ కోత విద్యార్థి కొలతను చెడగొట్టదు.

పొదుపు చేయని చోటు సిగ్నల్ లోపలికి వచ్చే దారి. వోల్ట్స్ పర్ డివిజన్ నాబ్ తిప్పుతుంటే లోపల టిక్ మని వినిపించేది రిలే. డివిజన్‌కు 1 మిల్లీవోల్ట్ నుంచి 10 వోల్టుల దాకా సిగ్నల్‌ను పెంచి, తగ్గించి, కన్వర్టర్‌కు సరిపడేలా అందించేది ఈ దారే, రేకు మూత కింద భద్రంగా ఉంటుంది. ఇది సరిగా లేకపోతే తక్కిన అంకెలన్నీ వృథా.

ప్రోబ్ మీద చిన్న మర ఉంటుంది. ప్రోబ్‌లోని 9 మెగాఓమ్‌లు, స్కోప్‌లోని 1 మెగాఓమ్ కలిసి సిగ్నల్‌ను పదో వంతు చేస్తాయి. కానీ స్కోప్ ఇన్‌పుట్‌లోనూ కేబుల్‌లోనూ ఉండే కెపాసిటెన్స్ వల్ల అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకే వంతున తగ్గవు. ముందున్న 1 కిలోహెర్ట్జ్ టెర్మినల్‌కు ప్రోబ్ తగిలించి, స్క్వేర్ వేవ్ మూలలు గుండ్రంగానూ మారకుండా, కొమ్ములూ మొలవకుండా నిలిచేదాకా మర తిప్పాలి. ల్యాబ్‌లో మొదటి రోజు ప్రతి పిల్లాడి చేతా చేయించాల్సిన పని ఇదేనని నా గట్టి నమ్మకం.

ఈ స్కోప్ మెమరీ కనీసం కోటీ 20 లక్షల శాంపిళ్లు. ఉదాహరణకు కోనసీమలో కరెంటు పోతే ఇంట్లో నడిచే చవక ఇన్వర్టర్‌ను తీసుకోండి. 230 నుంచి 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా మెట్లుమెట్లుగా వచ్చే దాని అవుట్‌పుట్ చూస్తే, 20 మిల్లీసెకన్ల సైకిల్ మొత్తాన్ని సెకనుకు 50 కోట్ల శాంపిళ్ల వేగంతో పట్టి, ఆపి, ఒక్కో మెట్టు అంచునూ విప్పి చూడొచ్చు. పాత సీఆర్‌ఓ తెరపై ఇది సాధ్యం కాదు.

50 మెగాహెర్ట్జ్ హద్దును మాత్రం మరవకూడదు. ఇది చూపగల అతి తక్కువ రైజ్ టైమ్ 7 నానోసెకన్లు. ఆర్డ్యునో బోర్డు 16 మెగాహెర్ట్జ్ క్లాక్‌లో మూడో హార్మోనిక్ 48 దగ్గర పడుతుంది, ఐదోది 80కి పోతుంది. కాబట్టి ఆ క్లాక్ చతురస్రంగా కాక, నున్నగా కనిపిస్తుంది. తప్పు బోర్డుది కాదని మాస్టారు ముందే చెప్పాలి.

ఇంకో మాట ప్రాణానికి సంబంధించింది. ప్రోబ్ మీది మొసలి క్లిప్ స్కోప్ బాడీతోపాటు మెయిన్స్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. దాన్ని లైవ్ వైరుకు తగిలిస్తే షార్టే. అందుకని ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. తేమ గాలి, తడి నేల ఉన్న మన డెల్టాలో ఆ పని అసలు చేయకూడదు. అప్పుడు స్కోప్ బాడీయే లైవ్ అవుతుంది. నేరుగా మెయిన్స్ చూడాలంటే డిఫరెన్షియల్ ప్రోబ్ కొనాల్సిందే.

బల్లకొకటి కొనే స్తోమత లేని డిగ్రీ ఫిజిక్స్ ల్యాబ్‌లకు మన దేశంలోనే ఒక మంచి దారి ఉంది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ఫీనిక్స్ ప్రాజెక్టు కింద వచ్చిన ఎక్స్‌పైస్-17, కంప్యూటర్ యూఎస్‌బీతోనే నడిచే చిన్న పెట్టె. రెండు ప్రధాన ఇన్‌పుట్‌లు ప్లస్ లేదా మైనస్ 16 వోల్టుల దాకా తీసుకుంటాయి, 5 కిలోహెర్ట్జ్ వరకు సైన్ వేవ్ అదే ఇస్తుంది, డిజైన్ కూడా అందరికీ తెరిచి ఉంది. ఆర్‌సీ సర్క్యూట్‌కీ, ఎల్‌సీఆర్ రెజొనెన్స్‌కీ ఇది చాలు. నన్నడిగితే బల్లబల్లకూ ఎక్స్‌పైస్ పెట్టి, ప్రాజెక్టుల బల్ల మీద నాలుగు ఛానళ్ల స్కోప్ ఒక్కటి ఉంచమంటాను.