డావిన్సి కోడ్ నవల – పాఠకుల భిన్నాభిప్రాయములు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

అమెరికా రచయిత డాన్ బ్రౌన్ వ్రాసిన 'ది డావిన్సి కోడ్' 2003లో వెలువడి, ప్రపంచవ్యాప్తముగా 8 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయిన నవల. 2006 మే నెలలో ఇది చలనచిత్రముగా వచ్చింది. ఆ జూన్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చిత్ర ప్రదర్శనను నిషేధించగా, అదే నెలలో రాష్ట్ర హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసింది. ఆ అలజడి ఎన్నడో సద్దుమణిగింది గాని, నవల లేవనెత్తిన ప్రశ్నలు సద్దుమణగలేదు. "యేసు దేవుడని నాలుగవ శతాబ్దములో ఓట్లు వేసి తీర్మానించారట కదా?" అను ప్రశ్న ఈ నవలను చదవని వారి నోట కూడా వినిపించుచున్నది. ఈ నవలపై పాఠకులు ఎందుకు ఇంతగా విభేదించారు? ఆ విభేదము నుండి సంఘకాపరి గ్రహించవలసినదేమి? ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసములో పరిశీలించదలచాము.

1. కథ, దాని నిర్మాణము

పారిస్ నగరములోని లూవ్ర్ మ్యూజియములో దాని అధికారి జాక్ సోనియేర్ రాత్రివేళ హత్యకు గురగును. చనిపోవుటకు ముందు ఆయన కొన్ని గూఢ సంకేతములను విడిచిపెట్టును. అనుమానము రాబర్ట్ లాంగ్డన్ అను అమెరికా ఆచార్యునిపై పడును. అతడును, మృతుని మనుమరాలు సోఫీయు పోలీసులకు చిక్కకుండ పారిపోవుచు, ఒక్కొక్క సంకేతమును విప్పుకొనుచు లండనుకు, అక్కడనుండి స్కాట్లాండుకు చేరుదురు. వారికి దొరికిన "రహస్యము" ఏమనగా, యేసు మగ్దలేనే మరియను వివాహమాడెననియు, వారి వంశము నేటికిని నిలిచియున్నదనియు, సంఘము దీనిని దాచిపెట్టెననియు.

కథ దాదాపు ఒక రాత్రి, మరుసటి దినములో జరుగును. నూరుకు పైగా ఉన్న అధ్యాయములలో అనేకము రెండు మూడు పుటలే. ఒక్కొక్కటి ఒక ప్రశ్నతో ఆగును. జవాబు కొరకు పాఠకుడు పుట తిప్పవలసినదే. ఉత్కంఠ కథకు ఇది గట్టి నిర్మాణమే అని మేము ఒప్పుకొనుచున్నాము. అయితే ఈ వేగమే ఒక అపాయమును కూడా తెచ్చుచున్నది. పరుగెత్తువాడు దారిలోని రాళ్లను పరీక్షించడు. హంతకుడెవరని వెదకుచున్న పాఠకుడు, మధ్యలో చెప్పబడిన చరిత్ర నిజమా కాదా అని ఆగి చూడడు.

2. పాఠకుల మూడు అభిప్రాయములు

మొదటి వర్గమువారు నవలను ఆనందముగా చదివినవారు. న్యూయార్క్ టైమ్స్ సమీక్షకురాలు జానెట్ మాస్లిన్ 2003లోనే దీనిని ఎంతో మెచ్చుకొన్నారు. రెండవ వర్గమువారు సాహిత్య దృష్టితో పెదవి విరిచినవారు. పాత్రలలో లోతు లేదనియు, భాష చప్పగా ఉన్నదనియు వారి ఆరోపణ. రచయిత సల్మాన్ రష్దీ 2005లో దీనిని బహిరంగముగా ఎద్దేవా చేశారు. మూడవ వర్గమువారు విశ్వాసము నిమిత్తము నొచ్చుకొన్నవారు. 2005లో కార్డినల్ తార్సిసియో బెర్తోనే ఈ నవలను కొనవద్దని, చదవవద్దని కోరారు.

ఈ మూడు అభిప్రాయములలోను కొంత సత్యము కలదు. అయితే మొదటివారు "ఇది కథే కదా" అని ప్రశ్నను వదిలివేశారు. రెండవవారు శైలిని తూచి ఊరుకున్నారు. మూడవవారు చదువకుండుటయే మందు అనుకున్నారు. చదివి, నమ్మి, ఎవరిని అడుగవలెనో తెలియక మౌనముగా ఉండిపోయిన నాలుగవ పాఠకుని గూర్చి ఈ వాదములలో పెద్దగా వినిపించలేదు. మా దృష్టిలో సంఘమునకు ముఖ్యుడు ఇతడే.

3. "వాస్తవము" అను పుట

ఈ నాలుగవ పాఠకుడు నమ్ముటకు కారణము నవల ముందున్న ఒక చిన్న పుట. దానికి "వాస్తవము" అని శీర్షిక పెట్టి, ప్రయరీ ఆఫ్ సయాన్ అను రహస్య సంస్థ 1099లో స్థాపించబడినదనియు, నవలలోని కళాఖండములు, కట్టడములు, పత్రములు, రహస్య ఆచారముల వర్ణనలు యథార్థములనియు రచయిత ప్రకటించారు. నిజమునకు ఆ పేరుగల సంఘమును 1956లో ఫ్రాన్సులో పియేర్ ప్లాంతార్ అను వ్యక్తియు, ఆయన సహచరులును నమోదు చేయించారు. దాని ప్రాచీనతకు ఆధారముగా పారిస్ జాతీయ గ్రంథాలయములో 1960వ దశకములో ఉంచబడిన పత్రములు కల్పితములని తేలినది.

ఇంకొక సంగతి గమనించదగినది. నవలలో సంఘ చరిత్రను ప్రధానముగా బోధించువాడు లీ టీబింగ్ అను పండితుడు. కథాంతములో ఇతడే తెరవెనుక కుట్రదారుడని బయటపడును. బోధకుడు మోసగాడని చూపిన రచయిత, అతని బోధను మాత్రము ప్రశ్నించలేదు. పైగా కథానాయకుని చేత దానికి వంత పాడించారు. ఉంబెర్తో ఎకో 1988లో ప్రచురించిన 'ఫూకోస్ పెండ్యులమ్' కూడా టెంప్లార్ యోధుల రహస్యములను గూర్చిన నవలయే. అయితే అందులో వేడుకకు కుట్రను అల్లినవారు చివరకు దానికే బలియగుదురు. ఎకో కుట్రను నమ్ము మనస్సును పరీక్షించారు. బ్రౌన్ ఆ మనస్సుకు మేత వేశారు. సాహిత్యపరముగా కూడా మేము చూచిన ముఖ్య లోపము ఇదియే.

4. చరిత్ర ఏమి చెప్పుచున్నది?

నైసీయ మహాసభ (క్రీ.శ. 325): యేసు దైవత్వము స్వల్ప ఆధిక్యతతో ఓటు ద్వారా తీర్మానించబడినదని నవల చెప్పును. సభలో చర్చించినది యేసు మానవుడు మాత్రమేనా అని కాదు. ఆయన సృష్టించబడినవాడని అరియస్ బోధించగా, కుమారునికి తండ్రితో గల సంబంధమేమి అనునదే అక్కడి ప్రశ్న. సుమారు 300 మంది బిషప్పులలో చివరివరకు విశ్వాస ప్రమాణమును నిరాకరించినవారు ఇద్దరే. అంతకు రెండు వందల సంవత్సరముల ముందే, సుమారు క్రీ.శ. 112లో, రోమా అధిపతి ప్లినీ చక్రవర్తికి వ్రాయుచు, క్రైస్తవులు క్రీస్తును దేవునిగా ఎంచి కీర్తన పాడుచున్నారని తెలిపెను. ఫిలిప్పీ 2:6-11 అంతకంటె పాతది.

సువార్తల ఎంపిక: కాన్‌స్టంటైన్ చక్రవర్తి సువార్తలను ఏర్పరచెనని నవల వాదము. నాలుగు సువార్తలనే అంగీకరించవలెనని ఐరేనియస్ సుమారు క్రీ.శ. 180లోనే వాదించెను. కొత్త నిబంధనలోని 27 పుస్తకముల పూర్తి జాబితా 367లో అతనాసియస్ వ్రాసిన లేఖలో కనబడును. నైసీయ సభ ఈ విషయమును తీర్మానించలేదు.

ఫిలిప్పు సువార్త: ఇది 1945లో ఐగుప్తులోని నాగ్ హమ్మాది వద్ద దొరికిన కోప్టిక్ ప్రతి. ఇందులో మరియను గూర్చి వాడిన "సహవాసి" అను పదమునకు అరామిక్ భాషలో భార్య అని అర్థమని టీబింగ్ చెప్పును. ప్రతి అరామిక్‌లో లేదు. ఆ పదము గ్రీకునుండి వచ్చినది. దానికి సహచరి, పాలివారు అను అర్థములు కలవు.

ఈ తప్పులను చూపినవారు విశ్వాసులు మాత్రమే కాదు. తాను అజ్ఞేయవాదినని చెప్పుకొను బార్ట్ ఎర్మన్ కూడా 2004లో ఒక పుస్తకమే వ్రాసి నవలలోని చారిత్రక దోషములను ఎత్తిచూపారు.

5. సంఘము ఒప్పుకొనవలసినది

నవల చెప్పినదంతయు అబద్ధమని త్రోసివేయుట న్యాయము కాదు. మగ్దలేనే మరియకు సంఘము అన్యాయము చేసినదను మాటలో నిజము కలదు. లూకా 8:1-3లో ఆమె ప్రభువును వెంబడించి ఉపచారము చేసిన స్త్రీ. యోహాను 20లో పునరుత్థానమునకు మొదటి సాక్షి. ఆమె వేశ్య అని సువార్తలలో ఎక్కడను లేదు. 591లో పోపు మొదటి గ్రెగరీ తన ప్రసంగములో ఆమెను లూకా 7లోని పాపాత్మురాలితో కలిపివేయగా, పాశ్చాత్య సంఘములో ఆ ముద్ర శతాబ్దములపాటు నిలిచినది. రోమను కథోలిక సంఘము 1969లో తన పంచాంగమును సవరించినప్పుడు దానిని విడిచిపెట్టినది. మన ప్రసంగములలో ఆమెను నేటికిని అట్లే వర్ణించుచున్నట్లయితే, కుట్రకథ చెప్పువానికి మనమే సాక్ష్యము అందించినవారమగుదుము.

ముగింపు

నిషేధము న్యాయస్థానములో నిలువలేదు. నిలిచినను, అది పాఠకుని సందేహమును తీర్చగలిగెడిది కాదు. సంఘములో ప్రతి ఆదివారము విశ్వాస ప్రమాణమును ఒప్పుకొను విశ్వాసికి అది ఎప్పుడు, ఏ వివాదము నడుమ పుట్టినదో చెప్పకపోయినయెడల, మొదట చెప్పినవాని మాటయే అతనికి చరిత్రగా తోచును. బెరయలోని యూదులు విన్నదానిని లేఖనములతో పరిశోధించి చూచిరి (అపొ. కార్య. 17:11). అట్టి పరిశోధన మన సంఘములలో కూడా అలవాటు కావలెను.

కాబట్టి సంఘకాపరులకు మా మనవి ఇది. యౌవనస్థుల కూటములలో నాలుగు వారములు కేటాయించి, కొత్త నిబంధన పుస్తకములు ఎట్లు కూర్చబడినవో, నైసీయలో ఏమి జరిగినదో, గ్నోస్టిక్ రచనలు ఏమి చెప్పుచున్నవో, మగ్దలేనే మరియ ఎవరో బోధించండి. సందేహముతో వచ్చినవానిని గద్దించక, అతడు చదివిన పుటను ముందు మీరు చదవండి. వేదాంత విద్యార్థులు నవలను నవలగాను, అందులోని వాదమును వాదముగాను వేరుచేసి తూచుట నేర్చుకొనవలెను. ఈ నవల పాతబడినను, ఇదే వాదము మరియొక కథగా, మరియొక చిత్రముగా తిరిగి వచ్చును. అప్పటికి మన సంఘస్థుల యొద్ద జవాబు సిద్ధముగా ఉండవలెను.