రివెట్టు నేర్పే చదువు

అమెరికాలో కారు నిలపాల్సిన గ్యారేజీలో విమానం కట్టుకునే వాళ్లు వేలల్లో ఉన్నారు. ఆరెగాన్ రాష్ట్రంలో రిచర్డ్ వాన్‌గ్రూన్స్‌వెన్ 1973లో మొదలుపెట్టిన వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ కిట్లతో తయారై గాల్లోకి లేచిన విమానాలే 11 వేలు దాటాయి. ఇవి ఆదివారం సరదాకు ఎగరేసే బొమ్మలు కావు. ఇద్దరిని కూర్చోబెట్టుకుని గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోగల అల్యూమినియం విమానాలు. కట్టేవాళ్లలో ఎక్కువమందికి విమాన కర్మాగారంతో ఏ సంబంధమూ ఉండదు. పగలు ఏదో ఉద్యోగం చేసుకుని, సాయంత్రాలూ సెలవు రోజులూ కూడబెట్టి, పదిహేను వందల నుంచి రెండువేల పైచిలుకు గంటలు దీనికి ధారపోస్తారు. కొందరికి రెండు మూడేళ్లలో పూర్తవుతుంది, కొందరికి పదేళ్లు పడుతుంది. ఇంత శ్రమకు ఏమిటి ఫలితం అంటే విమానాన్ని చూపించడం తేలిక. కానీ విమానాల లెక్కతోనో, మిగిలిన డబ్బుతోనో కొలిస్తే ఈ సంప్రదాయం విలువ అంతుచిక్కదు. ఆ గ్యారేజీలో ఏళ్ల తరబడి తయారయ్యే అసలు సరుకు, తన చేతిపనిలో తప్పు తానే పట్టగల మనిషి. విమానం ఆ చదువుకు పెట్టిన పరీక్ష.

ఈ మాట అభిమానంతో అంటున్నది కాదు, అమెరికా చట్టమే అలా చూస్తుంది. ఔత్సాహికులు కట్టిన విమానాలకు అక్కడి నిబంధనల్లో ప్రత్యేక తరగతి 1950ల మొదట్లో ఏర్పడింది. 1953లో విస్కాన్సిన్‌లో పాల్ పొబెరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఆ తరగతికి అండగా నిలిచింది. 1970 నుంచి ఆష్‌కాష్ పట్టణంలో ఏటా అది జరిపే వేడుకకు వేల విమానాలు ఎగిరొచ్చి వాలతాయి. కేంద్ర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఈ తరగతికి పెట్టిన షరతు చిన్నదే: విమానంలో ప్రధాన భాగాన్ని కట్టినవాళ్లు తమ చదువు కోసమో, వినోదం కోసమో మాత్రమే ఆ పనికి పూనుకుని ఉండాలి. వాడుకలో దీన్నే 51 శాతం నిబంధన అంటారు. ఇంజను, ప్రొపెల్లర్, చక్రాలు, బ్రేకులు, మీటర్లు కొనుక్కోవచ్చు. మిగిలిన తయారీ, బిగింపు పనుల్లో సగానికి మించి ఔత్సాహికుల చేతి మీదుగా జరగాలి. తనిఖీకి వచ్చిన అధికారికి రోజువారీ పని పుస్తకం, ఫొటోలు చూపించాలి. రిజిస్ట్రేషన్ పత్రాల్లో తయారీదారు అన్నచోట కిట్టు కంపెనీకి బదులు కట్టినవాడి పేరు ఉంటుంది. అతడు దరఖాస్తు చేసుకుంటే ఆ ఒక్క విమానానికి ఏటేటా జరగాల్సిన తనిఖీని తానే చేసి సంతకం పెట్టే అర్హతపత్రం ఇస్తారు. విమానం అమ్మేస్తే ఆ పత్రం కొన్నవాడికి బదిలీ కాదు. జ్ఞానం యంత్రంలో ఉండదు, దాన్ని కట్టిన మనిషిలో ఉంటుందని చట్టం ఒప్పుకున్నట్టే కదా!

ఆ జ్ఞానం ఎలా వస్తుందో తెలియాలంటే ఒక్క బెజ్జం దగ్గర ఆగాలి. వ్యాన్స్ కిట్లతో కట్టే ఆర్వీ రకం విమానం ఒళ్లంతా పలచని అల్యూమినియం రేకు. రేకును లోపలి పక్కటెముకలకు వేల రివెట్లతో కుడతారు. ముందు రేకులను క్లికోలనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా జతపరిచి, బెజ్జాలను కావలసిన కొలతకు డ్రిల్లు చేస్తారు. తర్వాత అన్నిటినీ విడదీసి, ప్రతి బెజ్జం చుట్టూ లేచిన గరుకును తీసేస్తారు, రేకు అంచులను ఆకురాయితో నునుపు చేస్తారు. విసుగు పుట్టించే పని, వదిలేసినా పైకి ఎవరికీ కనబడని పని. కానీ లోహంలో పగులు పుట్టేది ఇలాంటి గరుకు అంచు నుంచే. మళ్లీ మళ్లీ వంగి తేరుకునే రేకులో బలమంతా ఆ గాటు మీదే పోగుపడుతుంది. రివెట్టు తల రేకుతో సమంగా కూర్చోవాలంటే బెజ్జం చుట్టూ పల్లం కావాలి. రేకు మందంగా ఉంటే ఆ పల్లాన్ని చెక్కవచ్చు. పలచని రేకును చెక్కితే అంచు కత్తివాదరలా మారుతుంది. అందుకే చెక్కడం మాని, రెండు అచ్చుల మధ్య నొక్కి గుంట తీస్తారు. దీన్ని డింప్లింగ్ అంటారు. 1988 ఏప్రిల్ 28న హవాయి మీదుగా ఎగురుతున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు చాలామేర ఊడి గాల్లో కలిసిపోయింది. రేకుల అతుకు వదిలి, బలమంతా రివెట్ల మీద పడి, అలాంటి వాదర అంచుల దగ్గరే పగుళ్లు మొదలయ్యాయని దర్యాప్తులో తేలింది. పెద్ద కంపెనీ ఇంజనీర్లకు తెలిసిన ఆ సత్యాన్ని గ్యారేజీలో పనిచేసేవాడు వేల బెజ్జాల మీద వేలి కొసతో నేర్చుకుంటాడు.

రివెట్టు కొట్టడంలో మరో పాఠం ఉంది. ఒకవైపు గాలితో పనిచేసే రివెట్ గన్ తలను బాదుతుంటే, అవతలివైపు ఉక్కు దిమ్మను ఆనించి పట్టుకోవాలి. కాడ ఆ దిమ్మకు నలిగి రెండో తలగా మారుతుంది. అలా ఏర్పడిన తల వెడల్పు కాడ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు ఆ వ్యాసంలో సగం ఉండాలి. తక్కువ కొడితే పట్టు చాలదు, ఎక్కువ కొడితే లోహం చిట్లుతుంది, గన్ జారితే రేకు మీద నెలవంక ఆకారంలో సొట్ట పడుతుంది. కొత్తవాడు వంకర రివెట్టు కనబడగానే డ్రిల్లుతో తీసి మళ్లీ కొట్టాలనుకుంటాడు. తీసేటప్పుడు బెజ్జం పెద్దదైతే పాత తప్పు కంటే కొత్త తప్పు ప్రమాదకరం అవుతుంది. కాస్త వంకర ఉన్నా కొలత సరిపోతే వదిలేయడమే మేలని అనుభవజ్ఞులు చెబుతారు. ఏ లోపం ప్రాణాంతకం, ఏది కంటికి నలుసు మాత్రమే అని వేరుచేయగలగడం ఈ పనిలో అసలు విద్య. పని వరసలో కూడా ఆ బోధన ఉంది. మొదట తోక భాగం కిట్టు వస్తుంది. అందులో చేయి తిరిగాక రెక్కలు, ఆ తర్వాత మొండెం, చివరికి ఇంజనూ తీగలూ మీటర్లూ. రెక్కలోని పెట్రోలు ట్యాంకును జిగురులాంటి సీలెంటుతో మూసి, లోపలికి కొద్దిపాటి గాలి నింపి, సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. కూర్చునేచోటి మీద వచ్చే యాక్రిలిక్ మూత చలికి పెళుసెక్కి పగులుతుంది కనుక దాన్ని కోయడానికి ఎండరోజు దాకా ఆగుతారు. ప్రతి పదార్థానికీ ఒక స్వభావం ఉందని, తొందరపెడితే అది ఒప్పుకోదని ఇలా తెలిసివస్తుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. బెజ్జాలన్నీ కంప్యూటరు నడిపే యంత్రం ముందే కొట్టి పంపుతుంటే, కొని తెచ్చిన బీరువాను ఇంట్లో బిగించుకోవడానికీ దీనికీ తేడా ఏమిటని అడుగుతారు. ప్రశ్నలో న్యాయం ఉంది. నకలు తీసిన పటం చూసి రేకు కత్తిరించుకున్న తొలితరం వాళ్లతో పోలిస్తే ఇప్పటివాళ్లకు కొలతల శ్రమ బాగా తగ్గింది. అయితే యంత్రం తగ్గించింది కొలతల్లో పొరపాట్లను. గరుకు తీయడం, గుంట నొక్కడం, రివెట్టు కొట్టడం, అది బాగుందో లేదో తేల్చుకోవడం ఇంకా మనిషి చేతిలోనే ఉన్నాయి. దీనికి తాజా సాక్ష్యం 2023లో దొరికింది. గిరాకీ పెరగడంతో వ్యాన్స్ సంస్థ కొన్ని భాగాలకు బెజ్జాలను లేజరుతో కోయించింది. వాటిని డింపుల్ చేసినప్పుడు అంచుల్లో సన్నని పగుళ్లు వస్తున్నాయని కొనుగోలుదారులు గమనించి తెలియజేశారు. సంస్థ పరీక్షలు జరిపి భాగాలు మార్చివ్వాల్సి వచ్చింది. ఆర్థికంగా చితికి ఆ డిసెంబరులో దివాలా రక్షణ కోరింది, మరుసటి ఏడాది తేరుకుంది. గ్యారేజీల్లో ఉన్నవాళ్లు బీరువా బిగించేవాళ్లలా పనిచేసి ఉంటే ఆ పగుళ్లు రంగు కింద దాగి రెక్కల్లోకి చేరేవి. కర్మాగారం దాటి వచ్చిన లోపాన్ని పట్టింది, బెజ్జాన్ని దీపం పెట్టి చూసే అలవాటు.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. ఈ విమానాలు ప్రమాదకరం, లెక్కలే చెబుతున్నాయి అంటారు. నిజమే. 2011లో అమెరికా చిన్న విమానాల్లో ఇవి దాదాపు 10 శాతం ఉంటే, మొత్తం ప్రమాదాల్లో వీటి వాటా 15 శాతం, మరణాలు జరిగిన ప్రమాదాల్లో 21 శాతం అని జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో ప్రకటించింది. ఈ అంకెలను దాచి వాదించడం మోసం. కానీ అదే నివేదికలో మరో సంగతి ఉంది. ఆ ఏడాది ప్రమాదానికి గురైన ఇలాంటి విమానాల్లో సగానికి పైగా, కట్టినవాళ్ల చేతిలోవి కావు, వాళ్ల దగ్గర కొన్నవాళ్లవి. గాయకుడు జాన్ డెన్వర్ మరణం ఇందుకు ఉదాహరణ. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో ఆయన నడుపుతున్న లాంగ్-ఈజీ రకం విమానం సముద్రంలో కూలింది. ఆ విమానం కొత్తగా కొన్నది, కట్టింది మరొకరు. లాంగ్-ఈజీ రూపకర్త బర్ట్ రుటాన్ నమూనాలో పెట్రోలు ట్యాంకులు మార్చే మీట పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది. ఈ విమానాన్ని కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కు మార్చాడు. ఆ మీట అందుకునే ప్రయత్నంలో ధ్యాస మళ్లి, చుక్కాని తొక్కుడు పడి విమానం అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది. కట్టినవాడికి అది తన ఇంటి తలుపు గడియ అంత పరిచయం. కొన్నవాడికి ఆ పరిచయం రాలేదు. యంత్రం చేతులు మారింది, చదువు మారలేదు.

అలాగని కట్టినవాడు సురక్షితుడని తేల్చేస్తే వాదన అతిశయమవుతుంది. విమానం కట్టడం విమానం నడపడాన్ని నేర్పదు. ఏళ్ల తరబడి గ్యారేజీలో గడిపినవాడికి ఎగిరే అలవాటు తప్పిపోతుంది కూడా. ఈ ప్రమాదాల్లో పెద్ద వాటా విమానం తొలి గంటల్లోనే జరుగుతోందని, ఇంజను ఆగిపోవడం, గాల్లో అదుపు తప్పడం ముఖ్య కారణాలని ఆ నివేదికే చెప్పింది. చేతి నైపుణ్యం ఎంత ఉన్నా లోపమున్న నమూనాను నెగ్గలేదన్న పాఠం అంతకంటే పాతది. ఫ్రాన్స్‌లో హెన్రీ మిన్యే 1933లో రూపొందించిన పూ-దు-సియెల్ చిట్టి విమానాన్ని యూరప్‌లో ఎందరో ఉత్సాహంగా కట్టుకున్నారు. ముక్కు దించితే రెండు రెక్కల మధ్య గాలి తీరు మారి అది తేరుకోలేకపోవడంతో వరసగా ప్రాణాలు పోయాయి. గాలి సొరంగంలో పరీక్షించాకే కారణం బయటపడింది. అందుకే ఈ సంప్రదాయం తన చుట్టూ కంచెలు కట్టుకుంది. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ తరఫున అనుభవజ్ఞులు ఉచితంగా వచ్చి పని చూసిపోతారు. పూర్తయిన విమానం నిర్ణీత ప్రాంతం దాటకుండా, ప్రయాణికులు లేకుండా, సాధారణంగా 25 లేదా 40 గంటలు పరీక్షగా ఎగరాలి. అర్హత గల రెండో పైలట్‌ను ఈ దశలో వెంట ఉంచుకోవడానికి 2014లో వెసులుబాటు వచ్చింది. ఇది కార్ఖానా విమానాల ప్రమాణాలకు లోబడినది కాదన్న హెచ్చరిక ఎక్కేవాళ్లకు కనబడేలా లోపల రాసి ఉంటుంది. తన పనిలో తప్పు పట్టగల మనిషే తనకు రాని పని ఏదో కూడా ఒప్పుకోవాలి. ఈ కంచెలన్నీ ఆ ఒప్పుకోలే.

డబ్బు దగ్గర మాత్రం వాదన అక్కర్లేదు. ఇంజను, మీటర్లు, రంగు అన్నీ కలిపితే కిట్టు విమానానికి పెట్టే సొమ్ముతో పాత సెస్నా ఒకటి కొనుక్కుని రేపే ఎగరవచ్చు. కానీ ఈ చదువు వల్ల బాగుపడింది కట్టినవాళ్లొక్కరే కాదు. క్లాప్‌మయర్ అన్నదమ్ములు 1984లో విస్కాన్సిన్‌లోని ఒక కొట్టంలో వీకే-30 అనే కిట్టు విమానంతో మొదలుపెట్టారు. అక్కడి నుంచి పెరిగిన సిరస్ సంస్థ విమానం మొత్తాన్నీ దించే పారాచూట్‌ను ఎస్ఆర్20లో తప్పనిసరి సామగ్రిగా పెట్టి 1998లో ధ్రువీకరణ పొందింది. గ్యారేజీ విమానాల్లో రాటుదేలిన డైనాన్ ఎలక్ట్రానిక్ మీటరును కొన్ని కార్ఖానా విమానాల్లో అమర్చుకోవడానికి 2016లో అనుమతి దొరికింది. ఖరీదైన ధ్రువీకరణకు ముందు కొత్త ఆలోచనను పరీక్షించే ప్రయోగశాల దేశానికి ఇలా ఖర్చు లేకుండా సమకూరింది.

మన దేశంలో చేతులకు కొదవ లేదు. బెంగళూరులోని రాజహంస సంస్థ ఎక్స్-ఎయిర్ కిట్లను విదేశాలకు ఎగుమతి చేసింది. ముంబై కాందివలిలో ఒక పైలట్ మేడ మీద కట్టిన ఆరు సీట్ల విమానాన్ని 2016 మేకిన్ ఇండియా ప్రదర్శనలో జనం చూశారు, దానికి రిజిస్ట్రేషన్ మాత్రం 2017 చివరికి గానీ రాలేదు. అమెరికా నుంచి మనం తెచ్చుకోవలసింది ఏదైనా ఉంటే అది కిట్టు కాదు, చదువు కోసం కట్టిన యంత్రాన్ని గుర్తించే ఆ నిబంధన. దాన్ని కాపాడుకోవడం అక్కడా తేలిక కావడం లేదు. డబ్బిచ్చి వేరేవాళ్ల చేత కట్టించుకుని తయారీదారుగా తన పేరు రాసుకునేవాడికి విమానం దక్కుతుంది, తనిఖీ చేసే కన్ను దక్కదు. 51 శాతం అనే గీతను పట్టింపుగా చూడాల్సింది అందుకే. ఆ గీతకు ఇవతల ఉన్నంతవరకే గ్యారేజీ బడిగా ఉంటుంది. దాటితే అది అనుమతి లేని కర్మాగారం, అందులోంచి వచ్చే విమానం ఎవరూ పూర్తిగా ఎరగని విమానం.