నీటి నాడి పట్టేవాళ్లు

కోనసీమలో బొగ్గు గనుల్లేవు. చైనాలోని హువాయినాన్‌లో గనుల మీద నేల కుంగి మడుగులు కట్టిన తీరు ఇక్కడ కనబడదు. అయినా 2009లో శాస్త్రవేత్తలు కుంగుతున్న డెల్టాల మీద అధ్యయనం చేసి, పరిశీలించిన 33 డెల్టాల్లో కోనసీమ ఉన్న గోదావరి డెల్టానూ చేర్చారు. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం, భూమిలోంచి నీరు, గ్యాసు తోడటం డెల్టాలు కుంగడానికి కారణాలన్నారు. అలా కుంగిన పల్లంలో నిలిచిన నీరు ఆరోగ్యంగా ఉందో లేదో తేల్చేవాళ్ల పనితనం మెచ్చదగ్గది.

వాళ్లు తెల్లవారకముందే మడుగు గట్టు మీదుంటారు. రాత్రంతా మొక్కలు, చేపలు పీల్చగా ఆక్సిజన్ అప్పుడే అడుగంటుతుంది. గాలిబుడగ చొరకుండా సీసా నింపి మందులు కలుపుతారు. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టే. రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద చుక్క వేసి వెలుతురుకేసి చూస్తే ఉప్పు లెక్క తేలుతుంది. రాజోలు వైపు డ్రెయిన్లలోకి ఉప్పునీరు ఎగదన్నే చోట కొబ్బరి రైతుకు ఆ లెక్కే ముందస్తు హెచ్చరిక.

అసలు నేర్పు బురద జల్లెడ పట్టడంలో ఉంది. ఎర్రపురుగులే మిగిలితే అడుగున ఊపిరాడటం లేదని అనుమానించాలి. తూనీగ పిల్లలు, నత్తలు, రకరకాల పురుగులు దొరికితే మడుగు కోలుకుంటున్నట్టే. మీటరు ఆ పూట సంగతే చెబుతుంది, పురుగులు నెలల సంగతి చెబుతాయి.

ప్రతి పంచాయతీ తన చెరువులకు వానలకు ముందొకసారి, తర్వాతొకసారి ఈ పరీక్ష చేయించి, లెక్కలు రాసి పెట్టుకోవాలి.