ఒక గుర్తు – రెండు అర్థములు

పెక్కు కంప్యూటర్లలోని అమరిక ఫైళ్లను ఒక్కమారుగా సరిదిద్దుటకు 2012లో వెలువడిన ఆన్సిబుల్ వంటి సాధనములు ఉపయోగపడుచున్నవి. మార్చవలసిన పంక్తిని ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్’ అను నమూనాతో వెదకుదురు. నమూనాలో కుండలీకరణముల నడుమ నున్న భాగము ‘గ్రూపు’. దొరికిన మొదటి గ్రూపును కొత్త పంక్తిలో తిరిగి చేర్చుటకు \1 అని వ్రాయుదురు. ఇదియే బ్యాక్‌రిఫరెన్సు. ఈ వ్రాత క్లుప్తము, సులభము. కాని దోషమంతయు ఆ క్లుప్తతలోనే యున్నది.

‘పోర్టు=80’ అను పంక్తిలో ‘పోర్టు=’ మొదటి గ్రూపు అనుకొందము. 80కి బదులు వేరొక విలువ రావలెను. ఆన్సిబుల్ మొదట \1 ప్రక్కన విలువను నింపి, పిమ్మటనే మొత్తమును పైథాన్‌కు అందించును. విలువ 8080 అయినచో పైథాన్‌కు చేరునది \18080. అది 18వ గ్రూపును వెదకి, కానక, పని నిలిపివేయును. ఇది కొంత మేలు, తప్పు బయటపడినది.

విలువ 1024 అయినచో చేరునది \11024. బ్యాక్‌స్లాష్ తరువాతి మూడు అంకెలును 0–7 లోపలివైనచో పైథాన్ వానిని 8 ఆధారముగా గల సంఖ్యగా గ్రహించును. అట్టి 110 మన లెక్కలో 64+8=72; అది ‘హెచ్’ అను ఆంగ్లపు పెద్ద అక్షరమునకు సంకేతము. పంక్తి ‘హెచ్24’గా మారును. ‘పోర్టు=’ మాయమైనను, మార్పు సక్రమముగా జరిగినట్లే ఆన్సిబుల్ నివేదించును. ఆ తప్పు ఎన్ని యంత్రములకైనను ప్రాకగలదు.

ఇది వాడువాని అజాగ్రత్త మాత్రమే కాదు. సెడ్ అను పాత సాధనములో బ్యాక్‌స్లాష్ తరువాత ఒక్క అంకెయే గ్రూపు సంఖ్య. అందు \18080 నిరపాయము. అక్కడి అలవాటే ఇక్కడ మోసగించును. అక్షరములతో మొదలగు విలువతో పరీక్షించినచో లోపము కనబడనే కనబడదు.

పైథాన్‌లో దీనికి విరుగుడు కలదు: బ్యాక్‌స్లాష్, ‘జి’ అను చిన్న ఆంగ్లాక్షరము, పిదప <1>. గ్రూపు సంఖ్య ఎచట ముగిసినదో ఆ కోణచిహ్నము తేల్చును. బోధనలో ఈ రూపమునే ముందు చెప్పి, \1ను సంక్షేపముగా పిదప చెప్పుట యుక్తము. అయినను ఇది సంపూర్ణ చికిత్స కాదు. విలువలోనే బ్యాక్‌స్లాష్ ఉన్నచో చిక్కు మిగులును. ఫైలు మొత్తము మన అధీనములో నున్నప్పుడు, వెదకి దిద్దుట మాని, దానిని మూస నుండి క్రొత్తగా వ్రాయించుటయే మేలు.